పదకొండో అంశం

పంపుసెట్టు పనిచేయడం లేదని మా అంగడికి వచ్చే మనిషి యంత్రం సంగతి ముందుగా చెప్పడు. పైరు ఎంత ఎత్తు ఎదిగిందో చెబుతాడు, తప్పిపోయిన బస్సు గురించి చెబుతాడు, చివరికి లేచి కండువా దులుపుకుంటూ "మోటారు చెడిపోయిందప్పా" అంటాడు. నేను రిజిస్టరులో 'లోపం' అన్న గడిలో ఆ ఒక్క మాటే రాసుకునేవాణ్ణి. మిగతాదంతా వినడానికి బాగుండేది గాని, దానికి గడి లేదు.

డెబ్భైల చివరి సంవత్సరాలవి. పాలిటెక్నిక్‌లో డిప్లొమా పుచ్చుకుని, అనంతపురం రైల్వే స్టేషనుకు కొంచెం దూరంలో మోటార్లు బాగుచేసే ఒక అంగడిలో చేరాను. పొద్దున్నే సంచిలో టెస్టరు, స్పానర్లు, ఫ్యూజు తీగ చుట్ట వేసుకుని ఎర్రబస్సు ఎక్కడం, రైతు చెప్పిన ఊరి దారిలో దిగడం, బావి దాకా నడవడం నా పని. తొమ్మిది దాటితే చాలు, కిటికీ అవతల గుట్టలు నేలను వదిలి అరచేతి ఎత్తు పైకి తేలేవి. వేరుశనగ చేల మీద గాలి నీళ్ళలా కదిలేది. నిద్రా మెలకువా కాని ఆ స్థితిలో నాకు లోకమంతా అప్పుడే గీసి, ఇంకా తడి ఆరని పటంలా కనిపించేది.

ప్రతి ప్రయాణం తరువాత జేబు డైరీలో రెండు అంకెలు వేసుకునే అలవాటు నాకు ఉండేది. ఒకటి దారిలో గడిచిన సమయం, రెండోది పనికి పట్టిన సమయం. ఆరు గంటలు, నాలుగు నిమిషాలు. ఏడు గంటలు, పది నిమిషాలు. చాలాసార్లు తెగిన ఫ్యూజు తీగో, వదులైన మరమేకో, పంపులో నీళ్ళు నింపకపోవడమో తప్ప మరేమీ ఉండేది కాదు. నేను చేరేసరికి ఆ పూట కరెంటు కూడా వెళ్ళిపోయేది.

ఒకరోజు ఆ డైరీ తెరిచి మా యజమాని ముందు పెట్టాను. ఇలాంటి చిన్న పనులు రైతులే చేసుకునేలా ఒక కాగితం అచ్చు వేయిద్దామని చెప్పాను. ఆయన వక్కపలుకు బుగ్గన పెట్టుకుని డైరీని తిప్పి తిప్పి చూశారు.

"ఏమప్పా, అన్నీ వాళ్ళే చేసుకుంటే మనం ఈడ కూర్చుని ఈగలు తోలల్లనా?"

"వైండింగు కాలిన మోటార్లు మూడు బయట ఎండలో పడి ఉన్నాయి సార్. వాటి పని చూడటానికి నేను ఊళ్ళో ఉంటే కదా."

ఆయన బయట ఎండలోకి చూశారు. "సరే, రాయి. రాసేదేదో గొప్పగా రాయి. చదివినోడు మన అంగడిని తలుచుకోవల్ల."

గొప్పగానే రాశాను. నాకు తెలిసిన గొప్పతనం డ్రాయింగులోది. విద్యుత్తు ఎడమవైపు ప్రవేశించి కుడివైపు నీరుగా బయటికి వస్తుంది. నా వరుసా అదే. ఒకటి నుంచి పది వరకు పరీక్షలు, పదకొండు నుంచి పద్నాలుగు వరకు జాగ్రత్తలు. "ఫ్యూజులను ఒక్కొక్కటిగా వెలికితీసి, తీగ తెగినదేమో పరీక్షింపవలెను" అన్నది ఒకటో అంశం. మెయిన్ స్విచ్చి సాధారణంగా చెడిపోయే వస్తువు కాదు కనుక పరీక్షల్లో దానికి చోటు దొరకలేదు. దాన్ని ఆపిన తరువాతే ఈ పనులన్నీ చేయాలన్న మాటను జాగ్రత్తల్లో చేర్చాను. అది పదకొండో అంశమైంది.

మందపాటి కాగితం మీద నీలి అక్షరాలతో అచ్చయి వచ్చిన రోజు ఆ కట్టను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. సిరా వాసన ఇంకా పోలేదు. ఆ వేసవి మొదలుకుని నేను వెళ్ళిన ప్రతి బావి దగ్గరా ఒక కాగితం ఇచ్చి, ఇచ్చిన ఊరి పేరు రిజిస్టరులో రాసుకున్నాను. రాత్రి కళ్ళు మూసుకుంటే ఆ పీఠభూమి మీద అక్కడక్కడా నా అక్షరాలు నీలంగా వెలుగుతున్నట్టు అనిపించేది.

రెండో వేసవిలో, పామిడి వైపు నడిచే బస్సు కండక్టరు అంగడి గుమ్మంలోకి తొంగి చూసి కబురు చెప్పాడు. ఏటి అవతలి ఊళ్ళో పట్టుపురుగులు పెంచే ఒకామె పంపిన కబురు అది. ఆమె బావికి అంతకు ముందటి శీతాకాలంలోనే నేను మోటారు బిగించి, కాగితం ఇచ్చి వచ్చాను.

"అన్నా, ఆయమ్మ మోటారు తిరగలేదంట. ఇంగోటి కూడా చెప్పమనింది. నీ కాయితం కొట్టిందంట."

"కాయితం కొట్టడమేమిటి?"

"నాకేం తెలుసు? కొట్టిందంటే కొట్టిందంట. నువ్వే పోయి అడుగు దాన్ని." అతడు నవ్వుతూ వెళ్ళిపోయాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది.

మరునాడు పామిడిలో దిగి పెన్న దాటాను. దాటడానికి అక్కడ నీళ్ళేమీ లేవు. ఇసుక మాత్రం నీటి అలవాట్లన్నీ గుర్తుపెట్టుకుని అలలు అలలుగా పడుకుని ఉంది. నడుస్తుంటే నా అడుగుల చప్పుడు నాకే వినిపించలేదు.

ఇంటి గుమ్మంలో ఆమె అత్తగారు కూర్చుని ఉంది. నన్ను చూడగానే చేతులు రెండూ జోడించింది. ఆ జోడించడంలో గౌరవం లేదని నాకు వెంటనే అర్థమైంది.

"వచ్చినావా అప్పా, కాయితాలు రాసే మారాజా! రా, లోపలికి రా. నీ దేవుణ్ణి చూద్దువు రా."

లోపలి గదిలో గోడల పొడవునా వెదురు తట్టలు అంతస్తులుగా పేర్చి ఉన్నాయి. వాటిలో వేలెడు పొడవు తెల్లని పురుగులు తలలెత్తి అటూ ఇటూ వెతుకుతున్నాయి. ఆ గదిలో మామూలుగా వినిపించవలసిన చప్పుడు లేదు. నాలుగోసారి చర్మం విడిచాక పట్టుపురుగులు ఆకు తినే చప్పుడు పెంకుల మీద వాన పడుతున్నట్టు ఉంటుంది. వానలు మరచిన మా జిల్లాలో ఎన్నో ఇళ్ళలో వినిపించే వాన అదొక్కటే. ఆ రోజు అక్కడ అది ఆగిపోయి ఉంది.

దేవుడి గూట్లో, దీపం పక్కన, నా కాగితం నిలబెట్టి ఉంది. నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ, ముందు ఒక వాడిన పువ్వు.

ఆమె పెరట్లోనుంచి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. భర్త బళ్ళారి వైపు కూలికి వెళ్ళాడు. అర ఎకరం మల్బరీ తోటా, బావీ, పురుగులూ అన్నీ ఆమె చేతుల్లోనే ఉన్నాయి. ఆ చేతుల్లో కుడిదానికి ఇప్పుడు పాత చీర పీలిక చుట్టి ఉంది.

"ఏమైందమ్మా?"

"మొన్న మద్యాన్నం కరెంటొచ్చింది. పచ్చ గుండీ వత్తినా. మూల్గింది గానీ తిరగలేదు. కొంచేపు మూల్గి టప్పున ఆగిపాయ. మళ్ళా వత్తినా, మళ్ళా మూల్గె. నీ కాయితం తీసుకున్నా. మూల్గేది యాడుందని దాంట్లో యెతికినా అన్నా. యాడా లేదు. సరే, ఒకటో దాని కాడినుంచే చేద్దామనుకున్నా."

మూడో తరగతి చదివిన ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. ఇప్పుడు కాగితం అవసరం లేకుండానే ఒప్పజెప్పింది: "ఫ్యూజులను ఒక్కొక్కటిగా వెలికితీసి. వెలికితీసి అంటే బయటికి తీసేదే గదా? తీసినా. ఆ ఫ్యూజు తెల్ల బిళ్ళ గట్టిగా ఉన్నింది. వేళ్ళు ఎనక్కి పెట్టి గుంజినా. అంతే, గోడకు కొట్టింది నన్ను."

"మెయిన్ దించలేదా?"

"దించమని యాడ రాసినావు?"

"పదకొండో..." అన్నాను.

"ఒకటో దాని కాడ చెయ్యి పెట్టిన మనిషి పదకొండో దాని కాడికి ఎట్ల పోతాదన్నా?"

ఆమె కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది. మోచేతి మీద చర్మం లేచిపోయి ఉంది. పీలిక విప్పి చూపిస్తే రెండు వేళ్ళ కొసలు తెల్లగా కాలి ఉన్నాయి. ఇంకొక్క క్షణం ఆ చేయి అక్కడే అతుక్కుపోయి ఉంటే ఏమయ్యేదో నాకు లెక్కగా తెలుసు. ఆ లెక్క నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే.

"మరి దీన్ని గూట్లో ఎందుకు పెట్టారు?"

అత్తగారైన అవ్వ అందుకుంది. "నేనే పెట్టమన్యా. చెప్పినట్ల చేసినా కొట్టిందంటే, ఏం తప్పు చేసినామో ఏమో! పసుపు పెట్టి శాంతి చెయ్యమన్యా."

"మూడు దినాలనుంచీ మొక్కుతాండా. దానికి కోపం తగ్గిందో లేదో గానీ మోటారు మూల్గేది మానలేదు" అంది కోడలు. తరువాత తట్టల వైపు చూపించింది. "ఇయ్యి నాలుగో జ్వరం నుంచి లేచినాయి, పొర ఇడిచినాయి. ఇంగో ఏడు దినాలు తింటే గూడు కడతాయి. తోట వాడిపోయింది. వాడిన ఆకు ముట్టవు. పక్క తోట నుంచి తెచ్చిన ఆకు ఈ పొద్దు మాపటికి సరి. ఈ పొద్దు నీళ్ళు పారకపోతే అన్నీ ఎత్తి దిబ్బలో పారేసేదే."

కరెంటు పన్నెండుకు వస్తుంది. అప్పుడు పదకొండున్నర.

బావి గట్టు మీద మోటారు గది తాటాకుల నీడలో ఉంది. నేను సంచి విప్పాను. అలవాటైన చేయి ఫ్యూజులున్న ఇనుప పెట్టె వైపు వెళ్ళింది. నాలుగు నిమిషాల పని. చేసేసి బస్సు ఎక్కవచ్చు. కాని నేను వెళ్ళిన తరువాత ఏదో ఒక మధ్యాహ్నం ఈ మోటారు మళ్ళీ మూలుగుతుంది, ఆమె మళ్ళీ ఒక్కతే ఇక్కడ నిలబడుతుంది. నేను చేయి వెనక్కి తీసుకున్నాను.

"అమ్మా, తప్పు నీది కాదు. నేను రాసిందే తప్పు. ఈసారి నువ్వు చెయ్యి. నేను పక్కనే ఉంటాను."

"నేనా? నా చెయ్యి దాని దగ్గరికే పోదు."

"నీ చెయ్యి కంటే ముందు నాది పెడతాను."

గట్టు కింద నిలబడిన అవ్వ వినింది. "బాగుండాది! మోటారు బాగుచెయ్యమని పిలిపిస్తే, మా కోడల్నే మేస్త్రీని చేస్తాండాడు!"

మెయిన్ పిడిని దించమని ఆమెకు చెప్పాను. దించింది. ఆ పెట్టెకు, పిడి పైకి ఉన్నప్పుడు మూత తెరుచుకోకుండా ఆపే కొక్కెం ఒకటి ఉండాలి; అది ఎప్పుడో విరిగిపోయింది. మోటారు బిగించిన రోజు నేను చూసి కూడా రాసుకోలేదు. మూత తెరిచాను. పన్నెండు దాటి కరెంటు వచ్చేదాకా ఆగి, టెస్టరుతో చూపించాను: పిడి దించినా పైనుంచి వచ్చే మూడు తీగల్లోనూ వెలుగుతుంది, బిళ్ళల దగ్గర వెలగదు. "పైవైపు నీది కాదు. ఎన్నటికీ అక్కడ వేలు పెట్టకు. బిళ్ళల దగ్గర కూడా వెలగలేదని చూసుకున్నాకే ముట్టుకో." ముందుగా నేను ఒక బిళ్ళ మీద చేయి పెట్టి తీశాను. ఏమీ జరగలేదు. ఆమె ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

ఆ తరువాత నేను పక్కనున్న బండరాయి మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. లేకపోతే అవి నా మాట వినేలా లేవు. ఆమె మిగిలిన బిళ్ళలు ఎడమ చేత్తో తీసింది. నేను 'ఫ్యూజు కారియరు' అన్నప్పుడల్లా ఆమె చేయి ఆగింది. 'తెల్ల బిళ్ళ' అన్నప్పుడు కదిలింది. ఆమె ఆగిన ప్రతి చోటా, ఒక చేయి విడిపించుకుని, డైరీలో పెన్సిలుతో గీత పెట్టాను. నడిమి బిళ్ళలో తీగ తెగి, పింగాణీ మీద నల్లని మరక ఉంది.

"ఇదిగో, ఈడ తెగింది" అంది. నా వైపు తిరిగి కాదు. తనకు తానే చెప్పుకున్నట్టు. కొత్త తీగ చుట్టి, మర బిగించి, బిళ్ళ పెట్టి, మూత వేసింది. పిడి పైకెత్తే ముందు కళ్ళు మూసుకుంది. పిడి ఎత్తి, పచ్చ గుండీ నొక్కింది.

మోటారు ఒక్క క్షణం గొంతు సవరించుకుని తిరిగింది. పైపు దగ్గి, గాలిని కక్కి, ఎర్రని నురగతో నీళ్ళు తెచ్చింది. కాలువలో నీళ్ళు వెళుతుంటే ఎండుటాకులు వాటి మీద పడవల్లా లేచాయి. మేము ఆ నీళ్ళ వెంట నడిచాం. మొదటి మల్బరీ మొదలు దగ్గర నీళ్ళు కాసేపు ఆగి, నేలలోకి ఇంకి, మళ్ళీ ముందుకు కదిలాయి. ఎండలో ఆ తోట కొంచెం కొంచెంగా ఊపిరి తీసుకుంటున్నట్టు అనిపించింది. నేను ఎంతసేపు నిలబడ్డానో ఆ రోజు డైరీలో లేదు.

సాయంత్రం బస్సులో కళ్ళు మూసుకుంటే నీలి అక్షరాలు మళ్ళీ కనిపించాయి. ఇప్పుడవి వెలగడం లేదు. తెరిచిన ఒక్కో ఇనుప పెట్టె ముందు ఒక్కో మనిషి నిలబడి ఒకటో అంశం చదువుతున్నాడు. నేను పదకొండు, పదకొండు అని అరుస్తున్నాను. నా గొంతు అక్కడిదాకా వెళ్ళడం లేదు. నా పక్కనున్నాయన భుజం తట్టి, "ఏమప్పా, ఏం లెక్కపెడతాండావు?" అని అడిగాడు.

మరునాడే యజమానికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన వక్కపలుకు ఉమ్మేసి, "మనిషి బతికుండాదా?" అని అడిగారు. ఉందన్నాను. "అయితే ముందు ఆ కాయితాలన్నీ ఎనక్కి తే. అంగట్లో పని నేను చూసుకుంటా" అన్నారు. రిజిస్టరులో రాసుకున్న ఊరూరూ తిరిగాను. కొన్ని కాగితాలు గాలికి పోయాయి, తడికలకు అతికించినవి ఊడదీసి తెచ్చాను. పామిడి అవతల ఆమె మాత్రం ఇవ్వలేదు. "ఇది ఈడే ఉండనీ. పసుపు పెట్టినాక తియ్యగూడదు. చదవను లే" అంది.

కొత్త కాగితం ఆమె నడిచిన దారినే రాశాను. యంత్రభాగాల పేర్లు తీసేసి, బావి దగ్గర మనిషికి వినబడేది, కనబడేది పైన పెట్టాను. 'మోటారు మూలుగుతోంది, తిరగడం లేదు.' 'మోటారు తిరుగుతోంది, నీళ్ళు రావడం లేదు.' 'గుండీ నొక్కితే చప్పుడే లేదు.' ఇలా మొత్తం ఆరు బాధలు. ప్రతిదాని కింద మొదటి వాక్యం ఒకటే: 'ముందుగా మెయిన్ పిడి దించండి.' దాని కిందనే టెస్టరుతో చూసుకోమన్న మాట. యజమాని వేలు పెట్టి లెక్కపెట్టారు.

"ఒకే మాట ఆరుసార్లు రాసినావు గదప్పా. చదివేవాళ్ళు మనకు మతి లేదనుకుంటారు."

"ఆరుసార్లూ ఎవరూ చదవరు సార్. ఎవరి బాధ వాళ్ళు ఒక్కసారి చదువుతారు. ఆ ఒక్కసారి అది అక్కడ ఉండాలి."

ఆయన కాగితం తిరిగి నా చేతికిచ్చారు. కాగితంతో పాటు ప్రతి పెట్టె దగ్గరా ఒక టెస్టరు, ఒక చిన్న తీగ చుట్ట కట్టి రావాలని చెప్పారు.

దాదాపు ఏడాది తరువాత, వేరే బావి పని మీద ఆ ఊరు వెళ్ళినప్పుడు ఆమె ఇంటి ముందు ఆగాను. గుమ్మం దగ్గరే వాన వినిపించింది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. లోపల తట్టల నిండా పురుగులు పచ్చని ఆకు తింటున్నాయి.

"మోటారెట్లుంది?"

"మొన్న పండగ ముందర మూల్గింది" అంది, ఆకు చల్లుతూనే. "పోయినా, దించినా, టెస్టరు ఎలగలేదని చూసినా, మూడో బిళ్ళలో తీగ పోయుండాది. మార్చి వచ్చినా."

"నాకు కబురు చెప్పలేదే?"

"చెప్పేదానికేముందన్నా దాంట్లో?"

అవ్వ మూలనుంచి అంది: "ఊరంతా దీన్నే పిలుస్తాండారు ఇప్పుడు. నీ పని పాయె, చూసుకో."

తిరిగి వచ్చేటప్పుడు బావి దగ్గర పెట్టె తెరిచి చూశాను. కొత్త కాగితం మూత లోపల అతికించి ఉంది. దాని మీద పసుపు లేదు. కాని 'ముందుగా మెయిన్ పిడి దించండి' అన్న వాక్యం ఉన్న ఆరు చోట్లా, వాక్యం ముందర, వేలి కొసతో అద్దిన ఎర్రని కుంకుమ బొట్టు ఉంది. అక్షరం కంటే ముందు కన్ను అక్కడికే వెళుతుంది.

తరువాత అచ్చు వేయించినప్పుడు రెండు రంగులు వేయడం తమ వల్ల కాదని ప్రెస్సువాళ్ళు చెప్పారు. నేను కట్టను బల్ల మీద పెట్టుకుని, గిన్నెలో ఎర్ర సిరా పోసుకుని కూర్చున్నాను. కుడిచేతి ఉంగరపు వేలు ముంచి, ప్రతి కాగితం మీదా ఆరు బొట్లు పెట్టాను. సిరా ఆరేదాకా వాటిని అంగడి నేల మీద పరిచి ఉంచాను. కిటికీలోనుంచి వచ్చిన వేడిగాలికి అవి అంచులు లేపి, చిన్నగా, వాన మొదలయ్యే ముందర ఆకుల్లా, చప్పుడు చేశాయి.